చిన్నప్పటి గాయం ఎక్కడికి పోతుంది? శంకరం కొండ కింద హారీతి తల్లి కథ



పోయిన వారం ధ్రువోపాఖ్యానం వీడియో పెట్టాం కదా. అది చూసి ఒక అమ్మాయి మాకు ఒక ప్రశ్న పంపింది. ఆమె పేరు, ఊరు ఇక్కడ చెప్పను. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి కోపం వస్తే బెల్టు తీసేవాడట. మిగతా వేళల్లో ప్రేమగానే ఉండేవాడట, తీర్థానికి వెళ్తే భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడట. ఇప్పుడు ఆమెకి నాలుగేళ్ళ కొడుకు. వాడు అన్నం పళ్ళెం తోసేస్తే, పాలు ఒలకబోస్తే, ఆమె చెయ్యి తనకి తెలియకుండానే లేచిపోతోందట. కొట్టాక వాడి ముఖం చూస్తే తన చిన్నప్పటి ముఖమే కనిపిస్తోందట. ఇంట్లో చెప్పుకుంటే, “మీ నాన్నని క్షమించెయ్యి, దేవుడికి దణ్ణం పెట్టుకో, అదే పోతుంది” అన్నారట.

చివర్లో ఇలా అడిగింది: “గురువుగారూ, నేను రోజూ లలితా సహస్రనామం చదువుకుంటాను. నాన్నని క్షమించాననే అనుకుంటున్నాను. మరి నా చెయ్యి ఎందుకు లేస్తోంది? ఆయన చేసింది తప్పు అనుకుంటే నాకు పాపం చుట్టుకుంటుందా?”

వీడియోలో దీనికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. జవాబు కోసం కాశీకి, హిమాలయాలకి పోనక్కర్లేదు. మన అనకాపల్లి పక్కనే ఒక తల్లి ఉంది. ముందు ఆమె కథ చెబుతాను.

అనకాపల్లి అనగానే బయటివాళ్ళకి బెల్లం గుర్తొస్తుంది. భక్తులకి గవరపాలెం నూకాలమ్మ తల్లి, కొత్త అమావాస్య జాతర గుర్తొస్తాయి. ఊరికి కాస్త దూరంలో శంకరం గ్రామం దగ్గర బొజ్జన్నకొండ ఉంది, దాని పక్కనే లింగాలకొండ. వంద ఏళ్ళ పైమాట, 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే దొరగారు అక్కడ తవ్వకాలు జరిపించారు. కొండరాయిని తొలిచి చేసిన స్తూపాలు, గుహలు, బుద్ధుడి విగ్రహాలు అన్నీ ఇవాళ్టికీ ఉన్నాయి. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి కూడా దొరికింది. కనుమ పండక్కి చుట్టుపక్కల ఊళ్ళ జనం అంతా అక్కడికే వెళ్తారు. గబగబా మెట్లెక్కి, పైన ఫోటోలు దిగి, దిగొచ్చి చెరుకు ముక్క నములుకుంటూ ఇంటికెళ్ళిపోతారు. అయితే ఆ కొండ అడుగున ఒక స్త్రీ మూర్తి ఉంది. ఆమె దగ్గర ఆగేవాళ్ళు బహు తక్కువ. ఆమె పేరు హారీతి.

“బౌద్ధుల దేవత మనకెందుకండీ” అనుకోకండి. మన ఊరి కొండ కింద ఉన్న తల్లి కథ మనం తెలుసుకోకపోతే ఇంకెవరు తెలుసుకుంటారు?

హారీతి ఒక యక్షిణి. మగధ రాజధాని రాజగృహంలో ఉండేది. ఆమెకి ఐదు వందల మంది బిడ్డలు. వాళ్ళంటే పంచప్రాణాలు. అందరిలోకీ చిన్నవాడు ప్రియంకరుడు, వాడైతే కంటి పాప. ఇంత ప్రేమ ఉన్న తల్లి ఏం చేసేదంటే, ఊళ్ళోని పసిబిడ్డల్ని ఎత్తుకుపోయి తినేసేది. తనూ తిని, తన పిల్లలకీ పెట్టేది. రోజుకో ఇంట్లో ఉయ్యాల ఖాళీ. ఊరంతా ఏడుపులు. చివరికి ఆ తల్లులందరూ బుద్ధుడి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నారు.

బుద్ధుడు కత్తి పట్టలేదు, శాపం పెట్టలేదు. హారీతి బయటికి వెళ్ళిన సమయం చూసి, చిన్నవాడు ప్రియంకరుణ్ణి తన భిక్షాపాత్ర కింద దాచేశాడు. ఆమె తిరిగొచ్చి చూస్తే బిడ్డ లేడు. ఏడు రోజులు వెతికింది. గుండెలు బాదుకుంది, జుట్టు విరబోసుకుని దిక్కులన్నీ తిరిగింది. చివరికి వచ్చి బుద్ధుడి కాళ్ళ మీద పడింది. అప్పుడాయన అడిగాడు: నీకు ఐదు వందల మందిలో ఒక్కడు కనబడకపోతేనే ఇంత దుఃఖమా తల్లీ? ఒక్కడో ఇద్దరో ఉన్నవాళ్ళ మాటేమిటి మరి?

ఆ ఒక్క మాటతో ఆమెకి మొదటిసారి పక్కింటి ఏడుపు వినబడింది. అప్పటిదాకా చెవులు లేక కాదు. తన బిడ్డ ఏడిస్తే ఏడుపు, ఎదుటివాడి బిడ్డ ఏడిస్తే చప్పుడు. అంతే తేడా. పాత్ర ఎత్తి బిడ్డని ఇచ్చేశాడు. అప్పటినుంచి ఆమె పిల్లల్ని తినే తల్లి కాదు, పిల్లల్ని కాచే తల్లి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. హారీతికి ప్రేమ తక్కువైందా? లేదు. ఐదు వందల మందినీ ప్రేమగానే పెంచింది. మనం మామూలుగా ఏమనుకుంటాం? “ప్రేమ ఉంటే చాలు, ఇల్లు బాగుంటుంది.” “కొట్టినా ప్రేమతోనే కదా కొట్టాడు.” ఈ కథ ఆ మాటని ఒప్పుకోదు. ప్రేమ నిండుగా ఉన్న చోట కూడా ఘోరం జరగొచ్చు. ఆ అమ్మాయి నాన్న ప్రేమ అబద్ధం కాదు. భుజాల మీద తిప్పింది నిజం. బెల్టూ నిజమే. రెండిట్లో ఒకటే నిజమై ఉండాలని మనసు పట్టుబడుతుంది, ఎందుకంటే రెండూ నిజమైతే భరించడం కష్టం. చిన్నపిల్లలకి మరీ కష్టం. అందుకే చాలామంది పిల్లలు ఏం చేస్తారంటే, “నాన్న మంచివాడు, కాబట్టి నేనే చెడ్డదాన్ని” అని తేల్చేసుకుంటారు. ఆ తీర్పు ఐదేళ్ళప్పుడు రాసుకున్నది. ముప్పై ఏళ్ళొచ్చినా దాన్ని కొట్టివేసేవాళ్ళు ఎవరూ ఉండరు.

సరే, హారీతి ఎందుకు అలా అయింది? ఈ భాగం చాలామంది చెప్పరు. బౌద్ధుల వినయ గ్రంథాల్లో ఆమె పూర్వజన్మ కథ ఉంది. ఆ జన్మలో ఆమె రాజగృహంలోనే ఒక గొల్లవాడి భార్య. నిండు గర్భిణి. మజ్జిగ అమ్ముకోడానికి బయల్దేరింది. దారిలో ఐదు వందల మంది ఉత్సవానికి వెళ్తూ ఆమెనీ రమ్మన్నారు, ఆడమన్నారు. ఆడింది. అక్కడే గర్భం పోయింది. వాళ్ళంతా ఆమెని అక్కడే వదిలేసి తమ వేడుకకి తాము వెళ్ళిపోయారు. నెత్తుటి మధ్య ఒంటరిగా మిగిలిన ఆ పిల్ల, చేతిలో ఉన్న మజ్జిగ ఇచ్చి ఐదు వందల మామిడిపళ్ళు కొంది. అటుగా వచ్చిన ఒక మహాత్ముడికి ఆ పళ్ళన్నీ భక్తితో సమర్పించింది. సమర్పించి ఏం కోరుకుందో తెలుసా? “ఈ పుణ్యఫలంతో నేను ఇదే ఊళ్ళో పుట్టి, వీళ్ళ బిడ్డల్ని తినాలి.”

నాకైతే ఈ కథలో ఒళ్ళు జలదరించే చోటు ఇదే. దానం చేసింది. భక్తితోనే చేసింది. పుణ్యం వచ్చింది కూడా. ఆ పుణ్యాన్ని తీసుకెళ్ళి గాయం ఖాతాలో వేసింది.

అమ్మా, నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు ఇందులో ఉందనుకుంటున్నాను. రోజూ పారాయణ చేస్తున్నా చెయ్యి ఎందుకు లేస్తోంది అన్నావు. పారాయణ వృథా పోదు. కానీ పూజ ఒక గదిలో జరుగుతూ, గాయం ఇంకో గదిలో తాళం వేసి ఉంటే, ఆ పుణ్యం ఆ గదికి చేరదు. గొల్లభామ ఆ మహాత్ముడి ముందు నిలబడి “అయ్యా, నా బిడ్డ పోయింది, నన్ను వదిలేసి వెళ్ళిపోయారు” అని ఏడ్చి ఉంటే కథ వేరే దారి పట్టేదేమో. ఆమె పళ్ళు ఇచ్చింది, ఏడుపు దాచుకుంది. మనం గుడికెళ్ళి కొబ్బరికాయ కొడతాం, మొక్కు చెల్లిస్తాం, లోపలున్న అసలు మాట మాత్రం అమ్మవారికి కూడా చెప్పం. కొత్త అమావాస్యనాడు నూకాలమ్మ గుడి వరుసలో బిడ్డని చంకనేసుకుని గంటలకొద్దీ నిలబడే తల్లుల్ని చూడండి. ఎంతమంది ముఖాల్లో ఎన్ని చెప్పని మాటలు ఉంటాయో.

ఇప్పుడు ధ్రువుడి దగ్గరికి వద్దాం. ఉత్తానపాద మహారాజు, సునీతి, సురుచి కథ మీకు వీడియోలో చెప్పాను కాబట్టి మళ్ళీ మొదలుపెట్టను. ఐదేళ్ళ పిల్లాడు నాన్న ఒళ్ళో కూర్చోబోయాడు, పినతల్లి తోసేసింది. ఇక్కడ మన పెద్దవాళ్ళ సామెత ఒకటి గుర్తు తెచ్చుకోండి: అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు. ఒళ్ళో చోటు దొరకనందుకు ధ్రువుడికి అంత బాధ లేదు. అందరి ముందూ “నా కడుపున పుట్టలేదు కదా” అన్నారు, ఆ మాట అంటుంటే నాన్న నోరు మెదపలేదు. అది తగిలింది. చిన్నపిల్లల గాయాల్లో సగం ఇలాంటివే. ఒకరు అంటారు, కావలసినవాళ్ళు విని ఊరుకుంటారు. అన్నవాళ్ళని పిల్లలు మర్చిపోతారేమో గానీ ఊరుకున్నవాళ్ళని మర్చిపోరు.

ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్ళాడు. సునీతి ఏమంది? “ఏం కాలేదు నాన్నా, ఊరుకో” అనలేదు. తనూ ఏడ్చింది. నా కడుపున పుట్టడం వల్లే నీకీ కష్టం అంది. ఎవరికీ చెడు తలపెట్టకు, హరిని ఆశ్రయించు అంది. ముందు నొప్పిని ఒప్పుకుంది, తర్వాత దారి చూపింది. ఈ వరస చాలా ముఖ్యం. మన ఇళ్ళలో సాధారణంగా రెండోది ముందు చెప్పేస్తాం, మొదటిది అసలు చెప్పం.

దారిలో నారదుడు కనిపించాడు. దేవర్షి కదా, చక్కటి వేదాంతం చెప్పాడు. చిన్నపిల్లాడివి, మానమేమిటి అవమానమేమిటి, ఉన్నదాంతో తృప్తి పడు అన్నాడు. ఆ ఐదేళ్ళ గుంటడు ఏమన్నాడో భాగవతంలో చూడండి. స్వామీ, మీరు చెప్పింది మంచి మాటే, కానీ పినతల్లి మాటలు బాణాల్లా గుండెని చీల్చేశాయి, ఆ చీలిన గుండెలో మీ మాట నిలవడం లేదు అన్నాడు. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టన్నమాట. నారదుడంతటివాడు కోప్పడలేదు, “పెద్దవాళ్ళకి ఎదురు చెబుతావా” అనలేదు. ఆ పిల్లాడు ఉన్న చోటు నుంచే మొదలుపెట్టి, మంత్రం ఇచ్చి, యమున ఒడ్డున మధువనానికి దారి చూపించాడు. మనస్తత్వ నిపుణులు పెద్ద పెద్ద పుస్తకాల్లో చెప్పే విషయం ఇది. బాధలో ఉన్నవాడికి మొదట ఉపదేశం పనికిరాదు.

ఇంకో ఘట్టం ఉంది. వీడియోలో దాన్ని టూకీగా దాటేశాం. ధ్రువుడికి విష్ణుమూర్తి ప్రత్యక్షమయ్యాడు, ఎవరికీ దక్కని పదం ఇచ్చాడు. ఇంటికొచ్చాడు, తండ్రి కౌగలించుకున్నాడు, సురుచి కూడా లేవనెత్తి చల్లగా బతుకు అని దీవించింది. రాజయ్యాడు. కథ కంచికి వెళ్ళిపోవాలి కదా? వెళ్ళలేదు. సవతి తమ్ముడు ఉత్తముడు వేటకి వెళ్తే హిమాలయాల్లో ఒక యక్షుడు చంపేశాడు. ధ్రువుడు ఆగ్రహంతో అలకాపురి మీదికి దండెత్తాడు. చేసిన తప్పు ఒక యక్షుడిది, ఇతను వందలమందిని చంపుకుంటూ పోయాడు. ఏ పాపం తెలియనివాళ్ళని కూడా. దేవుణ్ణి కళ్ళారా చూసినవాడు సుమా! చివరికి తాతగారు స్వాయంభువ మనువు స్వయంగా వచ్చి, చాలు నాయనా, ఒకడి తప్పుకి ఇంతమందినా అని చెబితే విల్లు దించాడు.

భగవద్దర్శనం అయినవాడికే లోపలి మంట ఎక్కడో మిగిలింది. పెద్దయ్యాక, ప్రాణంలాంటిది పోయినప్పుడు మళ్ళీ రాజుకుంది. కాబట్టి అమ్మా, పారాయణ చేస్తున్నా కోపం వచ్చిందని నీ భక్తిని తక్కువ చేసుకోకు. ధ్రువుడికి చెయ్యి పట్టుకోడానికి తాత ఉన్నాడు. నీకెవరున్నారన్నదే ప్రశ్న. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇవన్నీ పురాణాలే కదా అనేవాళ్ళ కోసం రెండు లెక్కలు. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు లావు తగ్గించే వైద్యశాల నడిపేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతుంటే ఆయనకి అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే చాలామంది చిన్నప్పటి దారుణాలు బయటపెట్టారు. అప్పుడు ఆయనా, రాబర్ట్ ఆండా అనే మరో డాక్టరూ కలిసి 9,500 మందికి పైగా పెద్దవాళ్ళని పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించారు. చిన్నతనంలో దెబ్బలు, అవమానాలు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం లాంటివి ఎన్ని ఎక్కువ రకాలు చూసి ఉంటే, పెద్దయ్యాక మనోవ్యాకులత, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నాలు, చివరికి గుండె జబ్బులు కూడా అంత ఎక్కువగా కనబడ్డాయి. గాయం మనసులో మొదలై ఒంట్లోకి దిగుతుందన్నమాట.

మన దేశం సంగతి అంటారా? కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ఒక నివేదిక ఇచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఒంటి మీద దెబ్బలు తిన్నవాళ్ళే. ప్రతి ఇద్దరిలో ఒకరు మాటల దెబ్బలు తిన్నవాళ్ళు. అప్పటి పిల్లలు ఇవాళ తల్లిదండ్రులు. మనకి ప్రశ్న పంపిన అమ్మాయి బహుశా ఆ వయసు పిల్లే.

“మేమూ దెబ్బలు తిన్నాం, బాగుపడలేదా?” అని పెద్దవాళ్ళు అంటారు. దండం దశగుణం అంటారు. మా తరంలో బడిలో గోడకుర్చీ వెయ్యనివాడు, చింతబరికె రుచి చూడనివాడు లేడు. బాగుపడినవాళ్ళు చాలామంది ఉన్నారు, కాదనను. కానీ బాగుపడింది దెబ్బల వల్లా, దెబ్బలు తిన్నా కూడానా? హవాయి దీవుల్లో కవాయి అనే చోట ఎమీ వెర్నర్ అనే ఆవిడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. పేదరికం, గొడవల ఇళ్ళు, జబ్బు పడ్డ తల్లిదండ్రులు, ఇలా కష్టాల్లో పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళలో ఎక్కువగా కనబడింది ఏమిటంటే, మనస్ఫూర్తిగా దగ్గరికి తీసిన పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం. అమ్మమ్మో, మేనత్తో, బడిలో టీచరో. “బాగానే ఉన్నాం కదా” అనేవాళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి, మీకూ అలాంటివాళ్ళు ఎవరో ఉండే ఉంటారు. మన గొప్పదనం వాళ్ళ ఖాతాలో వెయ్యాలి, బెత్తం ఖాతాలో కాదు.

బొజ్జన్నకొండ దగ్గర ఒకప్పుడు ఇంకో అలవాటు ఉండేది. కనుమనాడు అక్కడ పొట్టలా ఉన్న రాతిని రాక్షసుడి బొజ్జ అనుకుని జనం రాళ్ళు రువ్వేవారు. తండ్రి రువ్వితే చూసి కొడుకు రాయి తీశాడు, వాణ్ణి చూసి మనవడు తీశాడు. ఎవరికీ ఆ రాతి మీద కోపం లేదు. అది బుద్ధుడి చోటని తెలిసి చేసిందీ కాదు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవాళ్ళు, పురావస్తు శాఖవాళ్ళు చెప్పగా చెప్పగా ఆ అలవాటు పోయింది. ఇళ్ళలో చెయ్యి లేవడం కూడా చాలావరకు ఇలాంటిదే. ఆ అమ్మాయికి కొడుకు మీద కోపం లేదు. చేతికి ఆ దారి చిన్నప్పుడే అలవాటైపోయింది.

అయితే, “అలవాటు కదా, నేనేం చెయ్యను” అనొచ్చా? అనకూడదు. ఇక్కడే అసలు చిక్కు. హారీతి పూర్వజన్మ కథ వింటే జాలేస్తుంది. ఆ జాలి న్యాయమే. కానీ రాజగృహంలో ఉయ్యాల ఖాళీ అయిన తల్లికి ఆ మామిడిపళ్ళ కథ చెబితే బిడ్డ తిరిగొస్తాడా? కారణం వేరు, సాకు వేరు. ఎందుకు అలా అయిందో అర్థం చేసుకోవాలి, అలాగే కొనసాగనివ్వకూడదు. బుద్ధుడు రెండూ చేశాడు. ఇంకో సంగతి చూడండి. ఆయన హారీతిని మార్చాడు గానీ, మొర పెట్టుకోడానికి వచ్చిన తల్లుల వైపు తిరిగి “పాపం దానికీ కష్టాలున్నాయి, మీరు క్షమించెయ్యండి” అని కథలో ఎక్కడా అనడు. గాయపడినవాళ్ళ మీద ఇంకో బరువు పెట్టలేదు. మనం మాత్రం మొదట చేసే పని అదే. దెబ్బ తిన్న పిల్ల దగ్గరికెళ్ళి “క్షమించెయ్యమ్మా” అంటాం. కొట్టినవాడి దగ్గరికెళ్ళి ఒక్క మాటా అనం. ఇది నాకు న్యాయంగా కనబడదు.

అందుకే, తల్లీ, నీ రెండో ప్రశ్నకి జవాబు: నాన్న చేసింది తప్పు అనుకోవడం పాపం కాదు. తప్పుని తప్పు అనడం వేరు, పగ పెట్టుకోవడం వేరు. సాక్షాత్తు ఉత్తానపాదుడే నారదుడి ముందు ఏడుస్తూ, ఒళ్ళో ఎక్కబోయిన ఐదేళ్ళ బిడ్డని కాదన్న కఠినాత్ముణ్ణి నేను అని ఒప్పుకున్నాడు. తండ్రే ఒప్పుకున్న తప్పుని బిడ్డ తప్పు అనుకుంటే దోషమా? మీ నాన్న ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు. ఒప్పుకోకపోయినా నువ్వు నిజం చెప్పుకోవచ్చు. నీలో నువ్వు, ఒంటరిగా, అమ్మవారి ముందు గట్టిగా: “నాన్న అలా చేసి ఉండకూడదు. నేను చెడ్డదాన్ని కాను, చిన్నదాన్ని.” క్షమ ఆ తర్వాత మెల్లగా వస్తే రానీ. తప్పు జరగనే లేదని చెప్పుకుని ఇచ్చే క్షమ పేరుకే క్షమ, లోపల అది నోరు మూసుకోవడమే. ఆయన మనవడి మీద కూడా చెయ్యి చేసుకుంటున్నట్టయితే మాత్రం, క్షమ పేరు చెప్పి బిడ్డని అక్కడ ఒంటరిగా వదలకు.

ఒక మాట విడిగా చెప్పాలి. దెబ్బల సంగతి కాక, పిల్లల ఒంటి మీద తాకరాని చోట చెయ్యి వేసినవాళ్ళ విషయంలో ఈ క్షమ, పెద్దరికం, ఇంటి పరువు అన్న చర్చ అసలు వద్దు. 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. 1098కి ఫోన్ చెయ్యండి. ఆ చేసినవాడు ఇంటి మనిషైనా, గుడి మనిషైనా సరే.

బుద్ధుడు బిడ్డని దాచి ఆ తల్లిని ఏడిపించాడు కదా, అది మాత్రం శిక్ష కాదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ చూడండి, బిడ్డ ఒంటి మీద గీటు పడలేదు. ఆమె తెలుసుకున్న మరుక్షణం బిడ్డ చేతికొచ్చాడు. మూడోది అన్నిటికన్నా గొప్పది. మారతానని మాట ఇచ్చాక హారీతి ఒక మామూలు ప్రశ్న వేసింది: “ఇక నుంచి నేనూ నా పిల్లలూ ఏం తినాలి స్వామీ?” బుద్ధుడు “అది నీ ఖర్మ” అనలేదు. నా భిక్షువులు ఎక్కడున్నా రోజూ నీకూ నీ పిల్లలకీ అన్నం పెడతారు అని మాట ఇచ్చాడు. ఆ మాట శతాబ్దాలు నిలిచింది. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు, విహారాల వాకిట్లో గానీ భోజనశాల మూల గానీ హారీతి బొమ్మ ఉండేదట, చంకలో బిడ్డ, మోకాళ్ళ చుట్టూ పిల్లలు. రోజూ ఆమె ముందు అన్నం పెట్టేవారట. శంకరం కొండ మీద భిక్షువులు ఉన్న రోజుల్లో ఆ అడుగున ఉన్న తల్లికీ అలాగే వడ్డించి ఉంటారని నేను అనుకుంటాను.

మారమని చెప్పడం సులువు. మారిన మనిషి ఆకలి ఎవరు చూస్తారు? ఇందాక “నీకెవరున్నారు” అని అడిగి ఆపాను కదా, ఆ సంగతి ఇదే. నాలుగేళ్ళ పిల్లాడితో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒంటరిగా ఉండి, నిద్ర చాలక, ఒక్కరితోనైనా మనసు విప్పి మాట్లాడే వీలు లేక ఉన్న తల్లికి, “ఓర్పు పట్టు” అనే ఉపదేశం చిల్లు కుండలో నీళ్ళే.

అమ్మా, చెయ్యి లేచేటప్పుడు ముందుగా ఒంట్లో ఏదో తెలుస్తుంది. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి. అది గమనించు. పిల్లాణ్ణి ఏ ప్రమాదం లేని చోట కూర్చోబెట్టి పక్క గదిలోకి వెళ్ళి ముఖం కడుక్కో. అన్నం నేల పాలైతే అవనీ, ఊడ్చుకోవచ్చు. ఒకవేళ కొట్టేస్తే, తర్వాత వాడి ముందు కూర్చుని “అమ్మదే తప్పు నాన్నా, నీది కాదు” అని చెప్పు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలకి క్షమాపణ చెప్పడం అలవాటు లేదు. కానీ వాడు ఐదేళ్ళ వయసులో తన మీద తాను తప్పుడు తీర్పు రాసుకోకుండా ఆ మాట ఆపుతుంది. టెలిమానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోన్ లైన్ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా చెయ్యొచ్చు. అది చేస్తే భక్తి తక్కువైనట్టు కాదు. జ్వరం వస్తే మాత్ర వేసుకుని దణ్ణం పెట్టుకోమా?

ఇది ఆమె భర్త చదువుతుంటే ఒక మాట. బాబూ, రాత్రి పిల్లాడికి అన్నం పెట్టే పూట నువ్వు తీసుకో. వాడు పళ్ళెం తోసేస్తే నువ్వే తుడువు. ఆ అరగంట ఆమెని మేడ మీద గాలికి కూర్చోనీ. ఎప్పుడైనా ఆమె “మా నాన్న నన్ను…” అని మొదలుపెడితే, మధ్యలో సలహా ఇవ్వకుండా చివరిదాకా విను.

వచ్చే వారం వీడియోలో మనువు వచ్చి ధ్రువుడి చేత విల్లు దింపించిన ఘట్టం వివరంగా చెప్పుకుందాం. ఈలోగా శంకరం వెళ్ళేవాళ్ళు కొండ ఎక్కే ముందు కింద హారీతి తల్లి దగ్గర కాసేపు ఆగండి. పిల్లలు వెంట ఉంటే ఆమె కథ వాళ్ళకీ చెప్పండి. పాత్ర కింద బిడ్డని దాచిన చోటు వాళ్ళకి బాగా నచ్చుతుంది.